ఇమీనా కుక్కలు

ఆ ఏటి వసంతం మాట ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఊళ్ళో వాళ్ళు మాత్రం ఆ కథను మహా సంబరంగా చెప్పుకుంటారు. ముసలాయన తిరిగొచ్చి మంచు మీద కుక్కలబండి పందెం తోలాడట! చచ్చి సమాధి రాళ్ళ కింద పడుకున్న మనిషికి ఇచ్చిన మర్యాదలో పిసరంత, బతికి ఎదురుగా నిలబడ్డ నాకు ఇస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

ముసలాయన అంటే మా తాత. ఆయన పేరు ఇమీనా. నేను అమ్మ కడుపులో ఉండగా పోయాడు. పోయినవాళ్ళ పేరు ఆ తరవాత పుట్టే బిడ్డకు పెట్టడం మా పద్ధతి. ఆడా మగా అన్న పట్టింపు లేదు. పేరు వెంట మనిషి కూడా వస్తాడని నమ్మకం. అలా ఆడపిల్లనైనా నేను పుట్టగానే ఇమీనానయ్యాను. మా నాన్న ఎనోక్ నన్ను 'నాన్నా' అంటాడు. నేనూ ఆయన్ని 'నాన్నా' అంటాను. కన్నతండ్రిని పేరు పెట్టి పిలిచే కొడుకు ఎవడూ ఉండడు కాబట్టి, మా నాన్న నోట నా పేరు నేను ఎప్పుడూ వినలేదు. మా నానమ్మ ఇవాలు నన్ను 'ఏమయ్యా' అని పిలుస్తుంది. నాకు పళ్ళు రాకముందే మొగుడి మీద అలిగినట్టు నా మీద అలిగేదట. మా అన్న ఒత్నియేల్ నన్ను 'తాతా' అనాలి. అంటాడు కూడా, మూతి వంకర పెట్టి.

చలికాలమంతా మొహం చూపని సూర్యుడు ఆ ఏడు మళ్ళీ కనబడ్డ వారంలోనే నా పుట్టినరోజు వచ్చింది. ఇల్లంతా కాఫీ వాసన, తడిసిన తోలుబూట్ల వాసన. వచ్చినవాళ్ళంతా గుమ్మం దగ్గర బూట్లు విప్పి, నా చెయ్యి కుదిపి, తమ పాత స్నేహితుడికి తెచ్చిన కానుకలు నా ఒళ్ళో పెడుతున్నారు. కొట్టు నడిపే హోసియాస్ బాబాయి ఎప్పటిలాగే పొగాకు తెచ్చాడు. నాకు పొగతాగే అలవాటు లేదు. తాతకు ఉండేది.

"ఇమీనా అన్నా, ఈ తీరంలో నీ అంత కుక్కల్ని తోలేవాడు పుట్టలేదు, పుట్టబోడు," అని నా భుజం తట్టాడు.

నాన్న లోపలికెళ్ళి తాత కొరడా తెచ్చి నా చేతిలో పెట్టాడు. సీలు తోలుతో పేనిన పొడవాటి కొరడా. పిడి మీద తాత పంటిగాట్లు ఉన్నాయి. మా ఇంట్లో బండి లాగే కుక్కలన్నీ నా చేతుల మీద పుట్టినవి. తల్లుల కింద తడితడిగా ఉన్నప్పుడే మూతులు పట్టి చూసి, ఏది దేనికి పనికొస్తుందో గుర్తుపెట్టుకుని, పిల్లలు ఆడుకునే వయసులోనే మెడకు ఉత్త తోలుముక్క కట్టి లాగించి, ఒక్కొక్కదాన్నీ పందేనికి తయారుచేశాను. ఊరి పందెంలో మొదటి ఇద్దరిలో ఉంటే చాలు, దక్షిణాన జరిగే పెద్ద పందేనికి కుక్కలతో సహా పంపిస్తారు. ఆ పందెంలో నా కుక్కలు పరుగెత్తాలన్నది నా చిన్ననాటి కోరిక. కొరడా చేతికి వచ్చిందంటే ఈ ఏడు నాదే అనుకున్నాను.

"ఈసారి పందెంలో మన కుక్కల్ని నేను తోలతా," అన్నాడు ఒత్నియేల్, రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

వాడు చేపల ఓడలో పని పోగొట్టుకుని వచ్చి అప్పటికి కొన్నాళ్ళే అయింది. అంతకుముందు కొన్నేళ్ళు ఇంటి మొహం చూడలేదు.

"ఎవరి కుక్కల్ని?" అన్నాను.

"మన ఇంటి కుక్కల్నే."

"వాటి పేర్లు చెప్పు చూద్దాం."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. "పేర్లదేముంది తాతా? కొరడా ఉంటే అవే పలుకుతాయి."

నేను నాన్న వైపు చూశాను. నాన్న కప్పులో చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

"పెద్దవాడు కదా నాన్నా," అన్నాడు చివరికి. "ఒక్కసారికి తోలనీ. పని పోయి వచ్చాడు, ఊళ్ళో తలెత్తుకు తిరగాలి కదా."

"వాడి తల ఎత్తడానికి నా మెడ వంచాలా?"

"అది కాదమ్మా," హోసియాస్ బాబాయి మధ్యలో దూరాడు. పందెం జరిపించే పెద్ద ఆయనే. "ఆ ఎగుడుదిగుడు మంచు మీద ఆడపిల్ల, బండి తిరగబడితే..."

"బాబాయ్, నా అంత తోలేవాడు పుట్టలేదని ఇప్పుడేగా అన్నావు? ఆ నోరు ఇంకా మూయనే లేదు!"

"అది వేరు."

"ఏం వేరు?"

అందరూ తిమింగలం తోలు ముక్కలు నములుతూ కిటికీలోంచి చూశారు. నానమ్మ నా కప్పు నిండుగా పోసి, "ఏమయ్యా, చల్లారిపోతుంది, తాగు," అంది. పేరిచ్చారు, పెద్దరికమిచ్చారు, పొగాకిచ్చారు. పగ్గాలు మాత్రం అన్నకిచ్చారు. ఇంకా నయం, కొరడా కూడా చేతిలోంచి లాక్కోలేదు, అని అనుకుంటుండగానే వాడు చెయ్యి చాపాడు.

"అది కూడా ఇటివ్వు తాతా, ఎలాగూ కావాలి."

*

మర్నాటి నుంచి పని పంపకం తేలిపోయింది. కుక్కల మేతకు చేపలు కోయడం నాది, మంచు కరిగించి నీళ్ళు పెట్టడం నాది, బండి లాగేటప్పుడు వాటికి తొడిగే పట్టీలు చిరిగితే కుట్టడం నాది. తోలడం వాడిది. కోటు వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వాడు గడ్డకట్టిన సముద్రపు ఒడ్డుకు వచ్చేసరికి కుక్కల్ని నేను సిద్ధం చేసి ఉంచాలి.

కుక్కలంటే వాడికి మోటారు లాంటివి. తాడు లాగితే స్టార్టవ్వాలి. అవి ఒక కాపురమని వాడికి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. నా గుంపుకు పెద్ద తులుగాక్. నల్లగా ఉంటాడని కాకి పేరు పెట్టాను. వయసు మీద పడుతున్నా వాడు లేచి నిలబడి ఒక్క చూపు చూస్తే మిగతా మగకుక్కలన్నీ తోకలు దించుకుని తమ గొలుసుల దగ్గరికి పోయేవి. వాడు ఎవర్నీ ఊరికే కరవడు. బక్కకుక్క మేతను బలిసిన కుక్క లాక్కోబోతే మధ్యకొచ్చి నిలబడతాడు, అంతే. ముందు నడిచేది నాయా. సన్నటి ఆడకుక్క, మహా అభిమానం మనిషి. మనిషనే అంటాను, ఎవరేమనుకుంటే నాకేం? దాని పగ్గం అన్నిటికంటే పొడుగు. అది చెవి ఒకవైపు తిప్పిందంటే బండి అటు తిరిగినట్టే. మేం పగ్గాలన్నీ బండి ముందు ఒకే ముడికి కట్టి, కుక్కల్ని విసనకర్ర విప్పినట్టు పరిచి తోలతాం. ఆ ముడి దగ్గర్నుంచి నాయా దాకా అన్నీ ఒకరి మనసు ఒకరికి తెలిసి లాగాలి. కొరడా పక్కన మంచు మీద పడాలి, కుక్క మీద కాదు. ఎటు పోవాలో చెప్పడానికే అది.

ఒత్నియేల్ కొరడా మాత్రం సరాసరి వీపుల మీదే పడేది.

రెండో రోజే ఉమిక్ అనే కుర్రకుక్కను తెచ్చి నాయా పగ్గానికి కట్టాడు. ఉమిక్‌కు మెడ లావు, బుర్ర చిన్న. అన్నకు అది తెగ నచ్చేసింది.

"చూడు తాతా ఎంత బలంగా ఉందో! ఇంత బలాన్ని వెనకెక్కడో కట్టి పాడుచేశావు."

"బలముంది, దారి తెలీదు. తనకు తెలీదన్న సంగతి కూడా దానికి తెలీదు."

"ఎవర్నంటున్నావు?"

"కుక్కనే. నీకెందుకు తగిలింది?"

ఆ రోజు వాళ్ళు మూడుసార్లు మంచుదిబ్బల్లో చిక్కుకుని, పగ్గాలన్నీ జడ అల్లినట్టు అల్లుకుపోయి తిరిగొచ్చారు. ఆ చిక్కులు గడ్డకట్టిన చేతులతో విప్పింది ఎవరు? నేనే. వాడు లోపల పొయ్యి పక్కన కూచుని, కుక్కలకు క్రమశిక్షణ లేదని నాన్నకు చెబుతున్నాడు.

"నాన్నా," అన్నాను నాన్నతో, ఇద్దరం గడ్డకట్టిన చేపలు గొడ్డలితో ముక్కలు చేస్తుండగా. "వాడు తులుగాక్‌ను అందరి ముందూ కొడుతున్నాడు. పెద్దకుక్కను గుంపు ముందు అవమానిస్తే ఏమవుతుందో నీకు తెలీదా?"

"తెలుసు నాన్నా."

"తెలిస్తే చెప్పవేం?"

"కొత్త కదా. తడబడతాడు, సర్దుకుంటాడు."

"వాడు సర్దుకునేలోపు నా కుక్కలు చస్తాయి."

నాన్న గొడ్డలి ఎత్తి ఇంకో చేపను నరికాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇంట్లో గొడవ అంటే భయం, అంతే. ఆ భయం ఖరీదు ఎప్పుడూ నేనే కట్టాను.

*

పందెం దగ్గరపడుతుండగా హిమానీనదం మొన దగ్గరికి హాలిబట్ చేపలు పట్టడానికి బయల్దేరాం. కుక్కలకు దూరపు పరుగు అలవాటవుతుందని నాన్న ఆలోచన. ఒత్నియేల్ తోలుతున్నాడు, నాన్న వాడి వెనక. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, చేపలు కోసి కాఫీ కాచడానికి ఒకరు కావాలిగా! నేను మూటల మీద మూటలా కూచున్నాను. నా కుక్కల వీపులు చూస్తూ, నా బండి మీద, ఒకరి సామానులా.

చేపలు బాగానే పడ్డాయి. వెలుతురు ఇంకా ఉంది. గుడారం వేసి, పగ్గాల ముడిని మంచులో తొలిచిన కన్నానికి కట్టాం. మేత వేళకు ఒత్నియేల్ చేపల గంప లాక్కున్నాడు.

"ఇవాళ నేను పెడతా. నా చేతి తిండి తింటేగా నా మాట వినేది."

"పెట్టు, కానీ ముందు తులుగాక్‌కు పెట్టు," అన్నాను.

వాడు నా మొహంలోకే చూస్తూ మొదటి ముక్క ఉమిక్‌కు విసిరాడు.

కుక్కలన్నీ ఒక్కసారి నిశ్శబ్దమైపోయాయి. తులుగాక్ లేచాడు. మొరగలేదు, గుర్రుమనలేదు. ఎప్పటిలాగే నడిచి వెళ్ళి ఆ ముక్క ముందు నిలబడ్డాడు. ఉమిక్ వెనక్కి తగ్గింది కూడా. అంతటితో అయిపోయేది. కానీ ఒత్నియేల్ కొరడా తిరగేసి, పిడితో తులుగాక్ ముక్కు మీద కొట్టాడు. ఒకటి కాదు, ఆగకుండా. తులుగాక్ వాణ్ణి కరవలేదు. మనుషుల్ని కరవకూడదని నేను నేర్పాను కదా, నా బుద్ధి తగలెయ్య! ముందుకాళ్ళ మీద వంగి, తోక పొట్టకింద పెట్టుకుని, మంచు మీద పడుకున్నాడు.

"చూశావా? ఇదీ పద్ధతి," అన్నాడు అన్న.

నేను చూసింది వాణ్ణి కాదు, మిగతా కుక్కల్ని. అవన్నీ తులుగాక్‌నే చూస్తున్నాయి.

పొద్దున్నే పట్టీలు తొడుగుతుండగా ఉమిక్ వెళ్ళి తులుగాక్ మీద పడింది. ఒక్క ఉమిక్ అయితే తులుగాక్ చూసుకునేవాడే. కానీ గుంపు మొత్తం పడింది. నిన్నటిదాకా వాడి నీడలో మేత తిన్న బక్కకుక్క కూడా వాడి కాలు పట్టుకు లాగింది. కుక్కల్ని అని ఏం లాభం, మనుషులైతే ఇంతకంటే బాగా చేస్తారా? నాయా ఒక్కతే పగ్గం బిగిసేంత దూరం జరిగి ఏడుపు లంకించుకుంది. నేను మధ్యలోకి దూకాను. చేతితొడుగులు చిరిగాయి, ఎవరి రక్తమో తెలీని రక్తం మోచేతులదాకా అయింది. నాన్న, అన్న కర్రలతో వాటిని విడదీసేసరికి తులుగాక్ చెవి సగం లేదు. వెనకకాలు తొడ దాకా చీరుకుపోయింది. లేవబోయి పడ్డాడు. మళ్ళీ లేవబోయాడు.

ఒత్నియేల్ రొప్పుతూ కాసేపు చూసి, బండి మీది సంచిలోంచి తుపాకి తీశాడు.

"ముసలిదైపోయింది. ఇక పనికిరాదు," అన్నాడు. వాడి గొంతు కొంచెం వణికింది, అబద్ధం చెప్పను. "దీని తోలు నానమ్మకు చేతితొడుగుల అంచుకు పనికొస్తుందిలే. పక్కకు జరుగు తాతా."

నేను జరగలేదు. తులుగాక్‌కు అడ్డంగా మోకాళ్ళ మీద ఉన్నాను.

"నాన్నా, దీన్ని జరగమను," అన్నాడు వాడు.

నాన్న, తిప్పడానికి కాఫీ కప్పులో చెంచా లేదు కాబట్టి చేతుల్ని చూసుకుంటున్నాడు.

"ఎనోక్," అన్నాను నేను.

నాన్న తలెత్తాడు. తన పేరు నా నోట ఎప్పుడూ వినలేదాయన. నేనూ ఎప్పుడూ అనలేదు. తాత నాలో దూరి పలికాడని ఊళ్ళో చెప్పుకుంటారు గానీ, అలాంటిదేమీ జరగలేదు. అది నా గొంతే. నా కోపమే.

"ఎనోక్, ఆ తుపాకి తెచ్చి నా చేతికివ్వు."

నాన్న మంచు మీద నాలుగడుగులు వేసి అన్న ముందు చెయ్యి చాపాడు.

"ఇటివ్వు."

"నువ్వు కూడా దీని వేషాలకు..."

"మా నాన్న చెప్పాక వినాలి. ఇటివ్వు."

తుపాకి నా చేతికొచ్చింది. తూటాలు తీసి జేబులో వేసుకున్నాను. "కొరడా," అన్నాను. అదీ వచ్చింది. పగ్గాలన్నీ విప్పి మళ్ళీ కట్టాను. నాయా ముందుకెళ్ళింది, ఉమిక్ బండికి దగ్గరగా పొట్టి పగ్గానికి వచ్చింది. నేను తోలేచోట కూచున్నాక నాన్న వచ్చి నా వెనక కూచున్నాడు.

"నేనెక్కడ కూచోను?" అన్నాడు ఒత్నియేల్.

"మూటల మీద. తులుగాక్‌ను ఒళ్ళో పెట్టుకో. కాలు కదలకుండా పట్టుకో."

దారి పొడుగునా వెనక్కి తిరిగి చూడలేదు నేను. ఇంటిముందు దిగాకే చూశాను. అన్న తన కోటు విప్పి కుక్కకు కప్పి ఉన్నాడు. పెదాలు నీలంగా అయిపోయాయి. ఆ కోటు చూసి నాకు కోపం కాస్త తగ్గి ఉండాలి. తగ్గలేదు.

*

తులుగాక్ గాయం నానమ్మ కుట్టింది. బూట్లు కుట్టే నరాల దారంతోనే కుట్టింది. ఆ తరవాత ప్రతిరోజూ వాణ్ణి పాత తోలు మీద ఒడ్డుకు లాక్కెళ్ళి, అన్ని కుక్కలూ చూస్తుండగా మొదటి ముక్క వాడికే పెట్టాను. ఉమిక్ గుర్రుమంటే ఆ పూట దానికి మేత వేయకుండా దాటేసి వెళ్ళిపోయాను. కొట్టలేదు. దానికి అర్థం కావడానికి కొన్నాళ్ళు పట్టింది. కానీ పందెం దగ్గరికొచ్చేసింది. పాడుచేయడానికి అన్నకు చాలినన్ని రోజులు బాగుచేయడానికి నాకు చాలలేదు.

పందెం రోజు ఊరంతా మంచు మీదే ఉంది. నేను బండి తెచ్చి వరసలో నిలబెట్టగానే హోసియాస్ బాబాయి పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేంటి? మీ ఇంట్లోంచి ఒత్నియేల్ అన్నారుగా!"

"ఇప్పుడు నేను."

"అలా ఎలా కుదురుతుందమ్మా? ఆడపిల్లవి, పైగా పెద్దకుక్క కూడా లేకుండా..."

ఈసారి నాన్న ముందుకొచ్చాడు. మా అమ్మాయి తోలుతుంది, దీని అంత ఎవరికీ రాదు అంటాడనుకున్నాను. ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించాను.

"మా నాన్న తోలతాడు," అన్నాడు.

బాబాయి గతుక్కుమన్నాడు. టోపీ సర్దుకున్నాడు. "ఆయనైతే... ఆయనకు అడ్డేముంది," అని గొణిగి పక్కకు తప్పుకున్నాడు.

చూశారా? నాకు చోటు లేదు. రాళ్ళ కింద ఉన్నవాడికి ఉంది! ఆ కోపంతోనే తోలాను. కుక్కల మీద చూపలేదు, అవేం పాపం చేశాయి? గొంతు మామూలుగానే ఉంచి, కొరడా పక్కన మంచు మీదే పడేస్తూ పోయాను. నాయా చెవులు చూస్తే నా కడుపు నిండిపోయింది. మంచుదిబ్బల దగ్గర రెండు బళ్ళు తిరగబడి ఉంటే సందులోంచి దారం దూర్చినట్టు తీసుకుపోయింది. నాలుగు బళ్ళను దాటాం. కానీ మలుపు తిరిగాక ఉమిక్ పక్కకుక్కతో తగాదా పెట్టుకుంది. ఒక్క చూపుతో ఆపే తులుగాక్ లేడు. బండి ఆపి, దిగి, విడదీసి మళ్ళీ కట్టేలోపు ఇద్దరు మమ్మల్ని దాటి వెళ్ళిపోయారు.

చివర్లో నానమ్మ పక్కన తోలు మీద పడుకుని ఉన్న తులుగాక్ మమ్మల్ని చూసి గొంతెత్తాడు. ఆ కూత విని కుక్కలన్నీ పట్టీలు తెగేలా లాగాయి. ఇద్దరిలో ఒకణ్ణి ఇంచుమించు అందుకున్నాం. ఇంచుమించే. మూడోవాళ్ళం అయ్యాం. దక్షిణానికి వెళ్ళేది ఇద్దరే.

నేను బండి మీంచి దిగీ దిగకముందే జనం మీద పడ్డారు.

"ముసలాయన వచ్చాడ్రా!"

"అదే తోలడం! అదే చెయ్యి! ఇమీనా అన్న మళ్ళీ కనబడ్డాడు!"

హోసియాస్ బాబాయి కళ్ళలో నీళ్ళు. "అన్నా, పెద్దకుక్క లేకుండానే ఇంత తోలావు," అంటూ కౌగిలించుకోబోయాడు. నేను వాటేసుకోనివ్వలేదు.

"పెద్దకుక్క ఎందుకు లేడో తెలుసా బాబాయ్? ఏ చేతుల్లోంచి లాక్కుని ఏ చేతుల్లో పెట్టారో తెలుసా? మీ ముసలాయన ఈ కుక్కల్లో ఒక్కదాన్ని కూడా చూడలేదు. పేర్లడుగు చెబుతాడేమో!"

ఆయన బిత్తరపోయి నవ్వాడు. "కోపం కూడా అచ్చం ఆయనదే," అన్నాడు పక్కవాళ్ళతో.

ఇంకేం చెబుతాం?

*

ఇంటికొచ్చి బూట్లు విసిరికొట్టాను. నానమ్మ పొయ్యి దగ్గర కూచుని చిరిగిన నా చేతితొడుగులు కుడుతోంది.

"ఏమయ్యా, అంత చప్పుడెందుకు?"

"నేను నీ మొగుణ్ణి కాదు!" అని అరిచాను. "ఆ కుక్కల్ని పెంచింది నేను. కాపాడింది నేను. పేరేమో ఆయనకు! తులుగాక్ బతికున్నాడంటే ఆయన చలవేనట. మంచు మీద ఆయన మాట్లాడాడట!"

నానమ్మ సూది ఆపలేదు. "ఎవరా మాటన్నది?"

"ఊరంతా."

"ఊరికేం తెలుసు, నేను కాపురం చేశాను," అంది. దారం పళ్ళతో తెంపింది. "మా ఆయన మంచివాడే, బాగా తోలేవాడే. కానీ కాలు విరిగిన కుక్కను రెండో మాట లేకుండా కాల్చేసేవాడు. దాని మొహం చూసేవాడు కాదు. నీ తులుగాక్‌నూ అక్కడే కాల్చేసేవాడు."

నేను పొయ్యి దగ్గరికి జరిగాను.

"ఎనోక్‌కు కూడా ఆ సంగతి తెలుసు," అంది నానమ్మ. "చిన్నప్పుడు వాడు పెంచుకున్న కుక్కను కూడా మా ఆయన అలాగే కాల్చేశాడు. వాడు వారం రోజులు తిండి ముట్టలేదు. ఇదిగో, చెయ్యి పెట్టి చూడు, సరిపోయిందా మనవరాలా?"

నేను తొడుగు అందుకుని చెయ్యి పెట్టుకోకుండానే బయటికి నడిచాను.

ఒడ్డున నాన్న చేపలు నరుకుతున్నాడు. కాస్త అవతల ఒత్నియేల్ బకెట్లో నీళ్ళు మోస్తున్నాడు. నన్ను చూసి తల దించుకుని కుక్కల వైపు వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నీళ్ళు మోసేది వాడే. ఎవరూ చెప్పలేదు.

"తాతైతే కాల్చేసేవాడట కదా?" అన్నాను.

నాన్న గొడ్డలి గాల్లో ఒక్క క్షణం ఆగి కిందికి దిగింది. "ఊఁ."

"ఆ మాట తెలిసీ, 'మా నాన్న చెప్పాక వినాలి' అంటూ తుపాకి నా చేతికెందుకిచ్చావు?"

"నువ్వు అడిగావు కదా."

అంతే! అంత తేలిగ్గా! నాకు మళ్ళీ భగ్గుమంది. "అడిగితేనే ఇస్తావా? పుట్టినరోజున అడగలేదా? చేపలు నరుకుతూ ఇక్కడే అడగలేదా? చచ్చినవాడి గొంతు అరువు తెచ్చుకుంటే తప్ప ఈ ఇంట్లో నా మాట వినబడదా? పందెం దగ్గర జనం ముందు, 'మా అమ్మాయి' అనడానికి నోరెందుకు రాలేదు నీకు?"

నాన్న చేప ముక్కల్లోంచి కొవ్వు బాగా పట్టిన ఒక ముక్క ఏరి, మంచు దులిపి పట్టుకున్నాడు. కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. తులుగాక్ కూడా, మూడు కాళ్ళ మీద.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఇమీనా," అన్నాడు, ఆ ముక్క నా చేతికిస్తూ. "ముందు ఎవరికి పెట్టాలో నువ్వు పెట్టు."